ఏది శానిటైజ్, ఏది స్టెరిలైజ్?

సంపాదకుల వారికి,

నేల తుడిచినా, ఆపరేషన్ పరికరాలు ఆవిరి పట్టినా వార్తల్లోనూ ప్రకటనల్లోనూ ఒకటే మాట: 'శానిటైజ్ చేశారు'. క్లీన్, శానిటైజ్, డిస్‌ఇన్‌ఫెక్ట్, స్టెరిలైజ్ అనేవి నాలుగు వేర్వేరు పనులు. పనిని బట్టి వాడే మందు, దాని పాళ్లు, ఆగాల్సిన సమయం మారిపోతాయి.

క్లీన్ చేయడమంటే సబ్బునీళ్లతో మురికినీ జిడ్డునూ వదిలించడం. క్రిములు చావకపోవచ్చు, కానీ చాలావరకు నీళ్లతో కొట్టుకుపోతాయి. వాటి సంఖ్యను ప్రమాదం లేనంతగా తగ్గిస్తే శానిటైజ్. గిన్నెలకూ వంటగది గట్టుకూ అది చాలు. రోగకారక క్రిములను చంపడం డిస్‌ఇన్‌ఫెక్ట్. అయితే కొన్ని బాక్టీరియా స్పోర్లుగా, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే రూపంలోకి మారి, దీన్నీ తట్టుకుంటాయి. ఆ స్పోర్లు కూడా మిగలకూడదంటే స్టెరిలైజ్ చేయాల్సిందే: ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్ యంత్రంలో, ఒత్తిడి కింద, 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో కనీసం 15 నిమిషాలు. పాలసీసాలను మరిగించడాన్నీ స్టెరిలైజ్ అంటున్నారు. 100 డిగ్రీల దగ్గర స్పోర్లన్నీ చావవు. ఇంట్లో సీసాలకు అది సరిపోతుంది, సర్జరీ కత్తెరలకు సరిపోదు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది డిస్‌ఇన్‌ఫెక్ట్ దగ్గర. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ 20 మిల్లీలీటర్లకు 980 మిల్లీలీటర్ల చన్నీళ్లు కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తుంది. దాన్ని మురికి మీదే పోస్తే అందులోని క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా చేరదు. అందుకే ముందు కడగాలి, ఆ తర్వాతే మందు. పూసిన వెంటనే తుడిచేసినా దండగే. సీసా మీద రాసినన్ని నిమిషాలు ఆ చోటు తడిగా ఉండాలి. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలుపుకోవాలి. బాత్‌రూమ్ యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకూడదు, విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

ఇక హ్యాండ్ శానిటైజర్. అందులో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి. మట్టి, జిడ్డు అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ మీద దాని ప్రభావం తక్కువ, స్పోర్ల మీద అసలే లేదు. అక్కడ సబ్బు, నీళ్లే దిక్కు.

'99.9 శాతం క్రిములు నాశనం' అని ప్రకటనల్లో కనిపిస్తుంటుంది. అంటే పది లక్షల క్రిముల్లో ఇంకా వెయ్యి మిగిలినట్టే. అది స్టెరిలైజ్ కానే కాదు.

ఫలానా గదిని శానిటైజ్ చేశారని రాసే ముందు ఏ మందు వాడారు, ఎంత పాళ్లలో కలిపారు, ఎన్ని నిమిషాలు ఉంచారు అన్నది విలేకరులు అడిగి, ఆ వివరాలనూ వార్తలో ఇవ్వాలని మనవి.

- ఒక పాఠకుడు