ఊటను ఆపలేదు, మట్టిని ఆపారు: మా చెరువు గట్టు నిలబెట్టినవారికి కృతజ్ఞతలు

ఆయకట్టు రైతుల తరఫున, గట్టు కింద ఉన్న రెండు ఊళ్ల తరఫున రాస్తున్నాం. మొన్న అక్టోబరు వాయుగుండానికి మా పెద్ద చెరువు గట్టు మదుము (నీరు వదిలే తూము) పక్కన బుగ్గలు కక్కింది, అంటే బయటివైపు నేలలోంచి నీరు మట్టితో సహా ఉబికింది. ఆ రాత్రి నుంచి ఈ జూన్ తొలకరి దాకా ఆ గట్టు మీద చెయ్యి వేసిన ప్రతి ఒక్కరికీ నమస్కారాలు. పేర్లు వద్దన్నారు చాలామంది. అందుకే పేర్లు రాయడం లేదు, ఎవరు ఏ పని చేశారో, ఎందుకు అలాగే చేశారో రాస్తున్నాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి పాత మట్టిగట్లు ఊరూరా ఉన్నాయి. పైగా మన తుపాన్లు వచ్చేది చెరువులు నిండాకే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అక్టోబరులోనే వచ్చాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది.

మొదటి దండం చెరువు కాపలా చూసే మా లస్కర్‌కి. ఊట ఉందని చెప్పడం గొప్ప కాదు, మట్టిగట్టు అన్నాక ఊట ఉంటుంది. తేటనీరు రోజూ ఒకే లెక్కన వస్తుంటే కంగారు అక్కర్లేదు. ఆయన పట్టుకున్నది రంగు మారడాన్ని. తెల్ల సీసాలో ఊటనీరు పట్టి పావుగంట కదపకుండా పెట్టారు. అడుగున వేలిమందం ఒండ్రు దిగింది. అంటే గట్టు లోపలి మట్టి నీటితో పాటు బయటికి వచ్చేస్తోంది. అలా మట్టి పోయినచోట పడే సొరంగం బయట మొదలై నీటి వైపుకి తొలుచుకుంటూ పోతుంది. చెరువు గర్భంలోకి నోరు తెరుచుకున్నాక మరి గంటల లెక్కే. చెరువు మట్టం పెరగకుండా ఊట పెరిగినా ప్రమాదమే, ఉన్నట్టుండి ఊట ఆగిపోయినా ప్రమాదమే. ఆగితే లోపల ఎక్కడో కూలి దారి మూసుకుందని, నీరు మరోచోట వెతుక్కుంటోందని అర్థం.

రెండో దండం ఆ రాత్రి జలవనరుల శాఖ సిబ్బందితో కలిసి వచ్చిన విశ్రాంత ఇంజినీరు గారికి. అప్పటికే నాలుగు ట్రాక్టర్ల ఎర్రమట్టి సిద్ధంగా ఉంది, బుగ్గ మీద పోసి తొక్కేద్దామని. ఆయన ఆ ట్రాక్టర్లను ఆపారు. ఈ పోస్టులో ఒక్క ముక్కే చదివే తీరిక ఉన్నవాళ్లు ఈ ముక్క చదవండి: గట్టు బయటివైపు ఊట మీద బంకమట్టి, ఎర్రమట్టి పోయకూడదు. నీటికి దారి మూస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, గట్టు పాదం నాని ఒక్కసారిగా జారిపోతుంది. నీరు బయటికి పోవాలి, మట్టి మాత్రం పోకూడదు. ఆ రాత్రి చేసినవన్నీ దీనికోసమే.

పక్క ఊరి కుర్రాళ్లు, మహిళా సంఘాల అక్కలు, చెల్లెళ్లు యూరియా సంచుల్లో ఇసుక నింపారు. సంచి సగానికి పైన, మూడింట రెండు వంతులకు లోపు నింపాలి. నిండా నింపితే బిర్రుగా గుండ్రంగా ఉండి ఒకదాని మీద ఒకటి కూర్చోదు, సందుల్లోంచి నీరు కారుతుంది. బుగ్గ నోటికి ఒక మీటరు దూరం వదిలి, ఇటుకలు పేర్చినట్టు అతుకు మీద అతుకు రాకుండా సంచులతో వలయం కట్టారు. వలయంలో నీరు నిలిచేకొద్దీ బుగ్గ జోరు తగ్గుతుంది. ఎంత ఎత్తు కట్టాలంటే నీటితో మట్టి రావడం ఆగేంత, అంతకు మించి వద్దు. మాకు వలయం మోకాలెత్తు దాటాక నీరు తేటపడింది. పైనుంచి నీరు పోవడానికి ఒక పక్క గాడి వదిలారు. వలయం లోపల ముతక ఇసుక, దాని మీద చిప్స్ (సన్న కంకర), ఆ మీద 20 ఎం.ఎం. మెటల్ (పెద్ద కంకర), ఒక్కోటి జానెడు మందాన వేశారు. ఒక బుగ్గలో ఇసుక వేసింది వేసినట్టు ఎగిరిపోయింది. అలాంటప్పుడు ముందు 40 ఎం.ఎం. మెటల్ వేసి జోరు విరగ్గొట్టి, తర్వాత ఇసుకతో మొదలుపెట్టాలి. ఇసుక, మెటల్ రాత్రి పన్నెండింటికి తోలిన ట్రాక్టరు యజమానులు డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు.

చెరువు మట్టం దించడంలోనూ తొందరపడనివ్వలేదు. మామూలు రోజుల్లో పాత గట్టుకు రోజుకు అడుగు మించి దించకపోవడం మంచిది. నీరు చప్పున తగ్గితే గట్టు లోపలివైపు నానిన మట్టికి నీటి ఆసరా పోయి, రాతి కట్టడంతో సహా జారుతుంది. బుగ్గలు అదుపులోకి వచ్చాయి కాబట్టి ఆ లెక్కలోనే దించగలిగాం. రాకపోయి ఉంటే లోపలివైపు జారినా సరేనని వేగంగా దించాల్సి వచ్చేది. కింది ఊళ్లవాళ్లను ఆ రాత్రే బడికి చేర్చిన సచివాలయ సిబ్బందికి, వార్డు సభ్యులకు కృతజ్ఞతలు. గట్టు నిలిచింది కదా, అనవసరంగా కదిలించారని ఎవరైనా అంటే ఒప్పుకోం. అనుమానం ఉన్నప్పుడు మనుషుల్ని ముందు తీయాలి.

చెరువు ఖాళీ చేయడానికి ఒప్పుకున్నవారి త్యాగం వేరే చెప్పాలి. మత్స్యకార సంఘం ఆ ఏడు వేసిన చేపపిల్లలను వదులుకుంది. కింది మడుల రైతులు రెండో తడికి చెరువు మీద ఆశ వదులుకుని, ఉన్న తేమకే మినుము, పెసర చల్లుకున్నారు. ఆ నష్టం ఎవరూ పూడ్చలేదు. వాళ్లు కాదని ఉంటే వేసవి పని మొదలయ్యేదే కాదు.

వేసవిలో గట్టు తవ్వి చూస్తే కారణాలు రెండు. మదుము గొట్టం అతుకులు విడిపోయి ఉన్నాయి. చుట్టూ సున్నపు కట్టుబడి కరిగి గుల్లయింది. ఇంకొకటి, ఎప్పుడో నరికి వదిలేసిన తుమ్మ మొద్దు. పైన చెట్టు కొట్టేస్తే పని అయిపోయిందనుకుంటాం. లోపల వేళ్లు కుళ్లాక ఒక్కో వేరూ ఒక్కో గొట్టం అవుతుంది. చెట్టు కొడితే వేసవిలోనే కొట్టాలి, మొద్దుతో వేళ్లతో పెకలించాలి, ఆ గోతిని వాలుగా చెక్కి పొరలు పొరలుగా పూడ్చాలి. చెరువు నిండా నీరున్నప్పుడు పెద్ద చెట్టును కదపనే కూడదు. ఎలుక, పీత కన్నాలు ఎంత లోతున్నాయో అంతా తవ్వి పూడ్చాలి. నోటి దగ్గర మట్టి కుక్కితే లాభం లేదు.

గొట్టం ఉన్నచోట గట్టును నిలువుగా కోయకుండా ఒకటికి ఒకటి వాలున, మెట్లు మెట్లుగా కోశారు. నిలువు కోతకు కొత్త మట్టి అతకదు, దిగేటప్పుడు సందు పడుతుంది. ఆ మెట్లన్నీ పారలతో, గునపాలతో చెక్కినది ఉపాధి హామీ కూలీలు. ఏప్రిల్ ఎండలో ఉదయం ఐదుకే దిగేవారు. కొత్త ఆర్.సి.సి. గొట్టాన్ని ఉత్త మట్టి మీద కాకుండా కాంక్రీటు పడక మీద కూర్చోబెట్టారు. గుండ్రటి గొట్టం కింది కడుపు భాగంలో మట్టి కుదించే దిమ్మిస ఆనదు, అక్కడి గుల్లలోంచే మొదటి ఊట మొదలవుతుంది. పడక వాలు చేసి పోస్తే ఆ గుల్లే ఉండదు. గట్టు నడిమికి బయటివైపు గొట్టం చుట్టూ మూడడుగుల మందాన ఇసుక తొడుగు వేశారు. పైకీ పక్కలకీ గొట్టం వ్యాసానికి మూడు రెట్లు ఉండి, అందులో చేరిన నీరు గట్టు పాదం రాళ్ల కాలవలోకి పోతుంది. గొట్టం వెంట నీరు ఎలాగో వస్తుంది. వచ్చిన నీటితో మట్టిగింజ రాకుండా ఈ తొడుగు పట్టుకుంటుంది.

ఇసుక ఏదైనా చాలదు. ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ పిల్లలకు, వాళ్ల మాస్టారికి చాలా రుణపడ్డాం. గట్టు మట్టిని, ఇసుకను జల్లెడ పట్టి లెక్క చూసింది వాళ్లే. మట్టిలో నూటికి 85 పాళ్లు ఏ గింజ కంటే సన్నమో అది ఒక కొలత. ఇసుకలో నూటికి 15 పాళ్లు ఏ గింజ కంటే సన్నమో అది రెండో కొలత. రెండోది మొదటిదానికి నాలుగైదు రెట్లు మించితే మట్టి ఇసుక సందుల్లోంచి జారిపోతుంది. మరీ సన్నమైతే నీరే పోదు. ఇసుకలో ఒండ్రు 5 శాతం మించకూడదు. మొదట వచ్చిన లోడులో ఒండ్రు ఎక్కువ, వాళ్లు తిప్పి పంపారు. తర్వాత వంశధార ఇసుకను కడిగి వాడారు.

గట్టుకు మట్టి ఇచ్చిన రైతు తన మెట్టలో రెండు మీటర్ల లోతు తవ్వుకోనిచ్చారు. చెరువులోంచే, గట్టుకు ఆనుకుని తవ్వుకుంటే పోలేదా అని కొందరన్నారు. అక్కడి బంకపొర చెరువు నీటిని కిందికి దిగనివ్వకుండా కాపాడేది. దాన్ని తవ్వితే ఊట గట్టు కిందినుంచి వస్తుంది.

మట్టి పరిచేటప్పుడు పొర వదులుగా 20 సెం.మీ. ఉంటే రోలర్ తొక్కాక 15కి దిగుతుంది. ఎనిమిది టన్నుల రోలర్ ఆరు నుంచి ఎనిమిది సార్లు తిరగాలి. గొట్టం పక్కన రోలర్ వెళ్లదు, అక్కడ 10 సెం.మీ. పొరలే, చేతి యంత్రపు దిమ్మిసతో. తేమ సరిపోయిందా అని గుప్పిట మట్టి పిసికి చూడొచ్చు. ఉండ కట్టి, చెయ్యికి అంటుకోకుండా, వేలితో నొక్కితే రెండు మూడు ముక్కలుగా విడిపోవాలి. పొడిపొడిగా రాలితే నీరు చల్లాలి, చెయ్యికి అంటితే ఆరనివ్వాలి. ఇది అంచనాకు మాత్రమే. అసలు పరీక్ష కోర్ కట్టర్. వెయ్యి సి.సి. పట్టే ఉక్కు గొట్టాన్ని తొక్కిన పొరలోకి దించి తీసి తూస్తారు. తడిమట్టి 1,980 గ్రాములు, తేమ 14 శాతం అనుకోండి. సి.సి.కి 1.98 గ్రాములన్నమాట, దాన్ని 1.14తో భాగిస్తే తేమ పోను పొడిమట్టి 1.74. ల్యాబ్‌లో ఆ మట్టికి వచ్చిన గరిష్ఠం 1.80 అయితే ఇది 96 శాతం పైన, పాసు. 95కి తగ్గిన పొరలను తిరగదున్ని మళ్లీ తొక్కించారు. అలా తీయించినప్పుడు విసుక్కోని రోలర్ డ్రైవరుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ప్రతి పొర మీద గీతలు గీసి, తడిపి, తర్వాతి పొర వేయించింది కూడా ఆయనే. నున్నగా ఆరిన పొర మీద కొత్త పొర వేస్తే రెండూ కలవవు, మధ్యలో నీటికి దారి మిగులుతుంది.

లోపలివైపు 15 సెం.మీ. గ్రావెల్ మీద 30 సెం.మీ. రాయి పేర్చారు. సందులు సిమెంటుతో మూయలేదు. మూస్తే చెరువు దిగినప్పుడు వెనక నిలిచిన నీరు రాళ్లను తోసేస్తుంది. గట్టు పైభాగం నీటివైపుకి కాస్త వాలు, లేకపోతే వాననీరు బయటి వాలును గాళ్లు కోస్తుంది.

చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే అలుగు గురించి మత్స్యకార సంఘానికి, రైతులకు కలిపి ఒక నమస్కారం. ఇకమీద వలలు, తడికలు, ఇసుక మూటలు అలుగు మీద పెట్టబోమని పంచాయతీలో సంతకాలు చేశారు. అలుగు మీద నీటి మందం సగమైతే పారే నీరు సగం కాదు, మూడో వంతుకు పడిపోతుంది. 30 మీటర్ల అలుగు మీద 60 సెం.మీ. మందాన నీరు పోతే సెకనుకు దాదాపు 24 ఘనపు మీటర్లు. అడుగెత్తు మూటలు పేరిస్తే అదే మట్టానికి 8 చిల్లర. మిగిలిన వరద గట్టు మీదినుంచి పొర్లుతుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట, వరద పైనుంచి పొర్లే కొట్టుకుపోయింది. గుర్రపుడెక్క కూడా మూటలతో సమానం, దాన్ని తీయడానికి వచ్చిన యువకులకు మేం అన్నం పెట్టడం తప్ప ఏమీ ఇవ్వలేదు.

హైదరాబాదు, చెన్నై, విశాఖల్లో పనులకు వెళ్లి అక్కడినుంచి డబ్బు పంపిన మా ఊరివాళ్లకు: మీ డబ్బు మదుము షట్టరును ఎత్తి దించే కొత్త మరకడ్డీకి, ల్యాబ్ పరీక్షలకు, చేతి దిమ్మిస కొనడానికి వెళ్లింది. రసీదులు పంచాయతీ ఆఫీసులో ఉన్నాయి, ఊరొచ్చినప్పుడు చూడండి.

ఊట ఇప్పటికీ వస్తోంది, రావాలి కూడా. పాదం కాలవ చివర 90 డిగ్రీల కోణంలో గాడి కోసిన రేకు పెట్టారు. రేకుకు మీటరు వెనక కర్ర స్కేలు ఉంది. గాడి అడుగు నుంచి నీరు 5 సెం.మీ. ఉంటే సెకనుకు ముప్పావు లీటరు పైచిలుకు, 10 సెం.మీ. ఉంటే నాలుగు లీటర్ల పైన. లస్కర్ రోజూ ఉదయం చెరువు మట్టం, ఈ రేకు లెక్క, సీసా నీటి రంగు ఒకే పుస్తకంలో రాస్తున్నారు. వాయుగుండం హెచ్చరిక ఉన్నప్పుడు గంటకోసారి రాయడానికి ఆరుగురు ముందుకొచ్చారు.

ఆ రేకు కొలతలు, చేతి దిమ్మిస కావలసిన ఊళ్లవాళ్లు పంచాయతీలో అడగండి. దిమ్మిస వారం రోజులకు ఇస్తాం, డీజిల్ మీది. తిరిగి తెచ్చేటప్పుడు మట్టి కడిగి తెండి.