నువ్వు పంపిన గుర్రాల వీడియో

బాబూ,

నువ్వు పంపిన వీడియో మీ నాన్నకి రెండుసార్లు చూపించాను. అమెరికాలో ఆమిష్ వాళ్లట, ట్రాక్టరు ముట్టకుండా గుర్రాలు కట్టి దున్నుతున్నారు. మనమూ అలా చేస్తే డీజిలు బాధ తప్పుతుందేమో అన్నావు కదా. మీ నాన్న నవ్వి, "గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు" అన్నారు.

నిజమేరా. ఎద్దు నెమరేస్తుంది, ఎండుగడ్డితోనే చాలావరకు నెట్టుకొస్తుంది. గుర్రం నెమరెయ్యదు, బరువు పని చేయించాలంటే గింజ పెట్టాలి. దాని మెడకి ఆ లావుపాటి పట్టెడ చూశావా? అది భుజాలతో తోస్తుంది. మన ఎద్దుకి మూపురం ముందు కాడి పడేస్తే చాలు. ఆ కాడి ఊళ్లో వడ్రంగే చేసిస్తాడు.

అలాగని ఎద్దులు గాలి తిని బతకవు. ఊళ్లో ఎద్దులు పోయింది ట్రాక్టరు వల్ల అంటారు అందరూ. నన్నడిగితే కోతమిషను వల్ల కూడా. మిషను కోస్తే గడ్డి ముక్కలై మడిలోనే పోతుంది. అందుకే మన రెండెకరాలూ ఇంకా కొడవళ్లతోనే కోయిస్తున్నాం. కూలి ఎక్కువే, దాచను. పెరట్లో గడ్డికుప్ప లేకపోతే వేసవికల్లా మన ఎద్దుల్ని మానాపురం పశువుల సంతకి తోలెయ్యాల్సిందే. ఇక గెత్తం, అదే పేడ ఎరువు, అది కూడా కొనుక్కోవాలి.

పోయినేడు వాన ఆలస్యమై ఆకుమడి ముదిరిపోతుంటే దమ్ముకి ట్రాక్టరే పిలిచాం. ఎద్దులతో నాలుగు రోజుల పని పూటలో చేసేసింది. పల్లపు మడిలో మాత్రం దిగబడిపోయింది. దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరు, దానికీ డబ్బులు మనమే. ఎర్రోడూ తెల్లోడూ గట్టు మీద నెమరేస్తూ చూశారు.

ఎర్రోడి దొంగబుద్ధి పోలేదు. ఉడకేసిన ఉలవలు, తవుడు కలిపి గోలెంలో పోస్తే ముట్టె కళ్లదాకా ముంచి, బుడగలు ఊదుతూ అడుగునున్న ఉలవలన్నీ లాగేస్తాడు. తెల్లోడికి ఒట్టి కుడితి నీళ్లే. ఇప్పుడు వాడికి వేరే తొట్టె పెట్టాను.

ఉద్యోగం మానేసి వస్తానన్న మాట మీ నాన్నతో అప్పుడే అనకు. ముందు వైశాఖంలో నెల్లాళ్లు సెలవు పెట్టి రా, గెత్తం బండి తోలేది అప్పుడే. తెల్లోడి మువ్వలపట్టీ తెగిపోయింది, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా.

అమ్మ