పార్కులో జారుడుబల్ల గురించి మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం. మా కాలనీ పార్కులో కొత్తగా పెట్టిన జారుడుబల్లని ఒక్కసారి మీరే వచ్చి చూడండి సార్. పెయింట్ మెరుస్తోంది గానీ వెల్డింగ్ అతుకుల మీద చెయ్యి పెడితే గీరుకుపోతోంది, ఉయ్యాల గొలుసు కొక్కెం అప్పుడే సగం అరిగిపోయింది, కింద ఇసుక కూడా లేదు, గట్టి సిమెంటు. అన్నిటికన్నా భయం పైనున్న కమ్మీలతోనే. వాటి మధ్య సందు 6 అంగుళాలు. సందు 3.5 నుంచి 9 అంగుళాల మధ్య ఉంటే చిన్నపిల్లల ఒళ్లు దూరిపోతుంది, తల మాత్రం ఇరుక్కుంటుంది, అందుకే అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ మార్గదర్శకాలు ఆ కొలత వద్దంటాయి. పిల్లల్ని జాగ్రత్తగా ఆడుకోమంటే సరిపోతుందా? తక్కువ రేటుకి ఇస్తున్నారని ఏది పడితే అది తెచ్చి బిగిస్తే ఎలాగండీ? ముందు ఆ ఉయ్యాల తీయించండి, కింద మందంగా ఇసుక పోయించండి, కమ్మీలు మార్చేదాకా కాంట్రాక్టర్ బిల్లు ఆపండి.