సముద్రానికి సెలవుంది, మా పాస్టర్ గారికి లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

వేట నిషేధం మొదలైందని మీ జిల్లా పేజీలో వేశారు కదండీ, ఫిషింగ్ హార్బర్లో మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్న ఫొటోతో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, ప్రతి ఏడాదీ ఉండేదే, చేపలు గుడ్లు పెట్టే టైం కాబట్టి సముద్రం జోలికి పోకండి అని. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్ళు ఎలా గడుస్తాయన్నది వేరే సంగతి, దాని గురించి తెలిసినవాళ్ళు రాస్తారు. నాకైతే ఆ ఫొటో చూడగానే మా చర్చి గుర్తొచ్చింది. "సముద్రానికి కూడా సెలవిచ్చారు, మన పాస్టర్ గారికి ఒక్క రోజు లేదు" అన్నాను మా ఆయనతో. "నీకు మాత్రం ఉందేటి?" అన్నారు. ఆ మాట దగ్గర పుట్టిందే ఈ ఉత్తరం.

మా ఆదివారం ఎలా ఉంటుందో చెప్తాను, చాలా చర్చిల్లో ఇంతే అనుకుంటా. నాలుగింటికి లేవాలి, ప్రేమ విందు, అదే ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే భోజనం, మా వంతు అయితే మూడున్నరకే. ఆరున్నరకి ఫస్ట్ సర్వీసు, తర్వాత సండే స్కూలు, తొమ్మిదిన్నరకి సెకండ్ సర్వీసు, అది ఒంటిగంట దాకా సాగుతుంది, తర్వాత వడ్డన, అంట్లు, మూడింటికి స్త్రీల సమాజం, సాయంత్రం ఎవరో ఒకరింట్లో కాటేజ్ ప్రేయర్, రాత్రి పదింటికి ఇల్లు. ఇవి కాక శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి ఆల్ నైట్ ప్రేయర్, మే వచ్చిందంటే పిల్లలకి వీబీఎస్, అంటే వేసవి సెలవుల బైబిల్ బడి. ఏదీ చెడ్డది కాదు, ఒక్కోటి విడిగా చూస్తే అన్నీ మంచివే, అందుకే ఏది ఆపాలన్నా నోరు రాదు ఎవరికీ. సోమవారం పొద్దున్న స్కూల్‌కి వెళ్తే మా హెడ్మాస్టారు "నిన్న సెలవే కదా టీచర్, ఎందుకలా ఉన్నారు" అని అడుగుతారు, ఏం చెప్పమంటారు.

పోయిన నెల రెండు సర్వీసుల మధ్యలో పాస్టర్ గారికి టీ ఇద్దామని వెళ్తే ఆయన చర్చి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నారు, చేతిలో అంతకుముందు ఎవరో ఇచ్చిన టీ గ్లాసు అలాగే ఉంది, పైన మీగడ కట్టేసింది, గ్లాసు కొంచెం వంగి తెల్ల పంచె మీద రెండు చుక్కలు పడ్డాయి. ముందు రోజు రాత్రి ఎవరికో సీరియస్ అంటే ఆస్పత్రిలోనే ఉన్నారంట. లేపాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే కీబోర్డు కుర్రాడు వచ్చి "అయ్యగారూ, పాటలైపోతున్నాయి" అని లేపేశాడు. ఆయన ఉలిక్కిపడి లేచి సరాసరి వెళ్ళి ప్రసంగం చేశారు, వాక్యం ఏంటంటే "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి; నేను మీకు విశ్రాంతి కలుగజేతును". నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మా క్వయిర్లో, అదే చర్చి పాటల బృందంలో, ఒక అమ్మాయి ఉండేది, స్టాఫ్ నర్సు, మంచి గొంతు. రెండు వారాలు ప్రాక్టీసుకి రాకపోతే అందరి ముందూ అడిగేశాను, "దేవుని కన్నా నిద్ర ఎక్కువైపోయిందా?" అని. "ఆంటీ, వరసగా నైట్ డ్యూటీలు" అంది, అంతే, ఇంకేం అనలేదు. ఆ తర్వాత క్వయిర్‌కి రావడం మానేసింది. ఆమె తప్పు అనే చాన్నాళ్ళు అనుకున్నాను. ఒకరోజు సండే స్కూల్ పిల్లలకి తుఫాను కథ చెప్తుంటే, దోనెలో తలగడ వేసుకుని యేసు ప్రభువు పడుకున్నారు కదా, ఒక చిన్న గుంట లేచి "టీచర్, ప్రభువుకి నిద్రొచ్చిందా?" అంది. వచ్చిందమ్మా అన్నాను. అని అక్కడే ఆగిపోయాను.

ఆ తర్వాత బైబిల్లో వెతుక్కుంటూ చదివితే ఎక్కడ చూసినా ఇదే. ఏలీయా ప్రవక్త "నా ప్రాణం తీసెయ్" అని చెట్టు కింద పడిపోతే దేవదూత ఆయనకి ప్రసంగం చెయ్యలేదు, రొట్టె పెట్టి నీళ్ళిచ్చాడు, ఆయన తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. శిష్యులకి తినడానికి కూడా టైం లేదని చూసి ప్రభువే "కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి" అన్నారు. లేవీయకాండంలో అయితే నేలకి కూడా ఏడో ఏడు సెలవు, విత్తకూడదు, ద్రాక్షతోట కత్తిరించకూడదు. ఇశ్రాయేలీయులు ఇవ్వలేదు, చివరికి బబులోను చెరలోకి పోయాక డెబ్బై ఏళ్ళు నేల ఖాళీగా పడి ఉండి ఆ బాకీ తీర్చుకుందని దినవృత్తాంతాల్లో ఉంది. మా సంఘంలో నలభై దాటిన ఆడవాళ్ళ బీపీ మాత్రలు, మోకాళ్ళ నొప్పులు చూస్తుంటే ఆ బాకీ మాటే గుర్తొస్తుంది.

విశ్రాంతి దినం పాత ధర్మశాస్త్రం, మనం కృప కింద ఉన్నాం అంటారు కొందరు. శనివారమా ఆదివారమా అనే వాదనలోకి నేను పోను. కానీ ద్వితీయోపదేశకాండంలో ఆ ఆజ్ఞకి కారణం చెప్పారు చూడండి, నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి, నువ్వూ ఐగుప్తులో దాసుడివే కదా అని. మరి మా ఇంట్లో పనిచేసే ఆవిడకి ఆదివారమే అంట్లు డబుల్, విందు గిన్నెలు కూడా ఇంటికే తెచ్చేస్తాం కాబట్టి. పదకొండేళ్ళుగా ఆవిడ వస్తోంది, ఈ వచనం పదకొండేళ్ళుగా పిల్లలతో బట్టీ పట్టిస్తున్నాను, రెండూ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఆదివారం రావద్దన్నాను. జీతం కోస్తానేమో అని ముందు భయపడింది.

అసలు మన దేశంలో ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు, బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి అడిగితే 1890లో వచ్చింది, ఆయన క్రైస్తవుడు కూడా కాదు, ఫూలే గారి మనిషి. అలా వచ్చిన రోజుని మనమే మళ్ళీ డ్యూటీ చేసేశాం.

నేను అడిగేది పెద్దదేం కాదు. పాస్టర్లకి వారంలో ఒక రోజు, సోమవారమో మంగళవారమో, సంఘమే సెలవివ్వాలి, ఆ రోజు గృహప్రవేశాలకీ పుట్టినరోజు ప్రార్థనలకీ పిలవకూడదు, చావు అయితే తప్ప. నెలలో ఒక ఆదివారం ఒకటే సర్వీసు, విందు లేదు, మీటింగ్ లేదు, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోండి. కానుకలు తగ్గుతాయని సంఘ పెద్దలు అన్నారు, తగ్గనివ్వండి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం స్త్రీల సమాజం ఎగ్గొట్టి విశాఖ పాత టౌన్లో మరియమ్మ గుడి ఉన్న రాస్ హిల్ కొండ ఎక్కాను. మేము బాప్టిస్టులం, మరియమ్మ గుడికి ఎందుకెళ్ళావని అడిగేవాళ్ళు అడుగుతారు. ఊరికే గట్టు మీద కూర్చున్నాను, కింద పోర్టులో ఓడలు, క్రేన్లు, గాలి. ప్రార్థన కూడా ఏమీ చెయ్యలేదు, గంటన్నర అలా కూర్చుని దిగొచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ నర్సు అమ్మాయికి ఫోన్ చేశాను, సారీ చెబుదామని. రింగయింది, ఎత్తలేదు. డ్యూటీ దిగొచ్చి పడుకుందేమో అనిపించింది, మళ్ళీ చెయ్యలేదు.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
మల్కాపురం, విశాఖపట్నం