ఆ 312 మందికీ, ఇంకా మీ అందరికీ

అమ్మకి స్ట్రోక్ వచ్చి ఏడు నెలలైంది. ఈ పోస్టు ఎప్పుడో రాయాల్సింది. తీరిక లేదు తీరిక లేదు అని చెప్పుకుంటూ వచ్చాను గానీ అసలు సంగతి ఆ పొద్దుటిని మళ్లీ గుర్తు చేసుకోవాలంటే భయం. నిన్న అమ్మ ఒక కాగితం మీద సంతకం పెట్టింది, అది చూశాక ఇంక ఆగలేకపోయాను. ఆ కాగితం సంగతి చివర్లో చెబుతాను, ముందు మీ అందరి బాకీ కొంతైనా తీర్చుకోవాలి.

మొదటి బాకీ పక్కింటి ఆంటీది. ఆ రోజు నేను గదిలోకి వెళ్లేసరికి అమ్మ కుర్చీలో ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, మూతి ఎడమ వైపుకి లాగేసింది, కుడి చెయ్యి తనది కానట్టు ఒళ్లో పడి ఉంది, ఏదో చెప్పబోతోంది, మాట ముద్దముద్దగా వస్తోంది. నేనేం చేశానో తెలుసా, నీరసం వల్లేమో, కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అని దిండు సర్దాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. నా కంగారు విని వచ్చిన ఆంటీ అమ్మ మొహం చూడగానే "పడుకోబెట్టడం కాదమ్మా, ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యి" అని ఒక్క కేక వేసి, వెంటనే అడిగిన మాట: "మీ అమ్మ చివరిసారి మామూలుగా ఉండగా ఎన్నింటికి చూశావు?" ఆ టైములో ఇదేం ప్రశ్న అని విసుక్కున్నాను కూడా. 6:40కి నాతో మాట్లాడింది అన్నాను. ఆవిడ అక్కడే ఉన్న పెన్ను తీసి నా మణికట్టు మీద 6:40 అని రాసేసింది.

ఆస్పత్రిలో ముగ్గురు వేర్వేరు మనుషులు అదే ప్రశ్న అడిగారు. మూడోసారికి నాకు నోట మాట రాక చెయ్యి చూపించాను. తర్వాత తెలిసింది, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అనేది చాలావరకు ఆ టైము మీదే ఆధారపడి ఉంటుందట. స్ట్రోక్‌ని మనం చూసిన టైము కాదు, మనిషి ఆఖరిసారి బాగా ఉన్న టైము లెక్క. మామూలుగా నాలుగున్నర గంటల లోపైతేనే ఇస్తారు. రాత్రి బాగానే పడుకుని నిద్ర లేచేసరికి చెయ్యి పడిపోయిన వాళ్ల విషయంలో అందుకే అంత తిరకాసు, వాళ్లకి ఎంఆర్‌ఐ లాంటివి తీసి చూడాల్సి వస్తుంది. ఆంటీ వాళ్ల ఇంట్లో ఇదే జరిగినప్పుడు ఆ టైము ఎవరూ చెప్పలేకపోయారట. ఆ సంగతి ఆవిడ నాకు నెల తర్వాత చెప్పింది.

ముందు సీటీ స్కాన్ తీశారు. స్ట్రోక్ రెండు రకాలు, రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం, లేదా నాళం చిట్లి రక్తం కారడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ గడ్డ కరిగించే మందు రెండో రకానికి ఇచ్చారంటే ఉన్న ముప్పు ఇంకా పెరుగుతుంది. అమ్మది గడ్డే అని తేలాక డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, తొందరలో ఉండి కూడా తొందర పెట్టకుండా చెప్పారు: "ఇస్తే కోలుకునే అవకాశం పెరుగుతుంది. కానీ వందలో ఆరుగురికి మెదడులో రక్తస్రావం జరగొచ్చు. ఇద్దామా?" ఆరుగురు అన్న మాట తప్ప ఇంకేమీ వినబడలేదు నాకు. సంతకం పెట్టాను. నా పేరు నాకే గుర్తుపట్టలేనట్టు వచ్చింది. ఆయనకి, ఆ పూట డ్యూటీలో ఉన్న అందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆ ఆరు అనే అంకె మాత్రం నన్ను వదల్లేదు. ఎక్కణ్ణించి వచ్చింది అది, ఎవరు లెక్క పెట్టారు, ఎవర్ని లెక్క పెట్టారు? ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని రాత్రంతా ఫోన్లో వెతికాను (నేను డాక్టర్ని కాను, అర్థం కానివి ఓపిగ్గా విడమర్చి చెప్పిన మీలో కొందరికి ఇది ప్రత్యేకంగా). 1991 నుంచి 1994 దాకా అమెరికాలో ఒక పరిశోధన చేశారు, ఫలితాలు 1995 డిసెంబరులో వచ్చాయి. స్ట్రోక్ వచ్చి మూడు గంటలు దాటని 624 మంది. అందులో 312 మందికి మందు ఎక్కించారు, 312 మందికి మందు లేని ఉత్త ఇంజెక్షన్. ఎవరికి ఏది వెళ్తోందో ఇచ్చేవాళ్లకీ తెలీదు, తీసుకునేవాళ్లకీ తెలీదు. మందు తీసుకున్నవాళ్లలో 20 మందికి పరిస్థితి దిగజార్చే రక్తస్రావం అయింది, తీసుకోనివాళ్లలో ఇద్దరికి. అదీ డాక్టరు గారు చెప్పిన ఆరు. అయినా మూడు నెలల తర్వాత చూస్తే, పెద్దగా లోటేమీ లేకుండా బయటపడే అవకాశం మందు తీసుకున్న గుంపులో కనీసం 30 శాతం ఎక్కువ ఉంది.

నేను ఆగిపోయింది ఆ రెండో 312 దగ్గర. వాళ్ల ఇళ్లలోనూ ఎవరో ఒకరు నాలాగే చేతులు వణుకుతూ సంతకం పెట్టి ఉంటారు కదా. మందు అందుతుందేమో అన్న ఆశతోనే పెట్టి ఉంటారు. వాళ్లకి దక్కింది ఉత్త ఇంజెక్షన్. ఆ గుంపే లేకపోతే ఆ 20 మంది రక్తస్రావం ఒక్కటే కనిపించేది, మందుని పక్కన పడేసేవాళ్లేమో, లేదా గుడ్డిగా అందరికీ ఎక్కించేవాళ్లేమో. యూరప్‌లో ఇంకో 821 మంది ఇలాగే ఒప్పుకున్నారు, ఆ ఫలితాలు 2008లో వచ్చాయి కాబట్టి మూడు గంటల గడువు నాలుగున్నర అయింది. పెద్ద నాళంలో గడ్డని తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపించి లాగేసే పద్ధతి పనిచేస్తుందని 2015లో నెదర్లాండ్స్‌లో 500 మంది వల్ల తేలింది, అమ్మకి ఆ అవసరం రాలేదు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు తెలీదు. తెలిసినా ఏమని చెప్పను? మా అమ్మ ఇవాళ నన్ను పేరు పెట్టి పిలుస్తోందండీ అని చెబుతానేమో.

ఇంక సిస్టర్ గురించి. ఇంజెక్షన్ అయిన సాయంత్రం అమ్మ పెదాలు ఎండిపోయి ఉంటే చూడలేక నీళ్ల సీసా మూత తీశాను. సిస్టర్ దాదాపు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. నాకు చాలా కోపం వచ్చింది, కన్నతల్లికి గుక్కెడు నీళ్లివ్వడానికి కూడా పర్మిషనా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. అమ్మని నిటారుగా కూర్చోబెట్టి, ఒక చెంచా నీళ్లు నోట్లో పోసి, గొంతు మీద వేళ్లు ఆనించి, మింగాక "ఆ" అనమంది. గొంతులో నీళ్లు గురగురలాడాయి, ఆ వెంటనే పొలమారింది. "చూశావా అమ్మా, మింగడం దెబ్బతింది, నువ్వు పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లేవి" అంది. రెండు రోజులు ముక్కు గొట్టంతోనే ఆహారం. ఆవిడ గంట గంటకీ చూసినవి ఇంకేమిటంటే జ్వరం, షుగరు. ఇంతేనా అనుకున్నాను. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లలో చేసిన ఒక పరిశోధన 2011లో వచ్చింది, నర్సులు సరిగ్గా ఈ మూడూ, అంటే జ్వరం, షుగరు, మింగడం, పద్ధతిగా చూసుకున్న చోట 90 రోజుల తర్వాత చనిపోయినవాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడిపోయినవాళ్లూ కలిపి 42 శాతం, మామూలు పద్ధతి నడిచిన చోట 58 శాతం. కొత్త మందు లేదు, మిషను లేదు. సిస్టర్, ఆ రోజు మీ మీద అరిచాను, క్షమించండి.

అరవడం అంటే గుర్తొచ్చింది, ఫిజియోథెరపిస్టు గారికి కూడా క్షమాపణ బాకీ ఉంది. మొదటి రోజే అమ్మని లేపి నడిపించండి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది కదా అని ఆయన వెంట పడ్డాను. "మీరనుకునేదే చాలామంది అనుకున్నారు, పరీక్షించి చూస్తే మొదటి 24 గంటల్లో అదే పనిగా ఎక్కువసార్లు లేపినవాళ్లే కాస్త తక్కువ కోలుకున్నారు" అన్నారు. అది 2015లో వచ్చిన, 2,104 మంది మీద చేసిన పరిశోధన అని తర్వాత చదివాను. నిజాయితీగా చెప్పాలంటే అప్పుడు నేను నమ్మలేదు, బద్ధకం అనుకున్నాను. మరునాటి నుంచి ఆయన ఎంత కష్టపడ్డారో చూశాక నోరు మూసుకున్నాను. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని పైకి లాగకూడదు, భుజం జారుతుంది అని ఆయన నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటారు.

మాట విషయం వేరు, అది ఇంకా నడుస్తూనే ఉంది. అమ్మకి అన్నీ అర్థమయ్యేవి, నోట్లోంచి మాత్రం "అదే, అదే" అన్నది తప్ప రాదు. కళ్లజోడు కావాలన్నా అదే, లైటు తియ్యమన్నా అదే, కోపం వచ్చినా అదే. 1861లో బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు "టాన్" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ అనలేని మనిషి మెదడు చూసి మాట పుట్టే చోటు మెదడు ముందు భాగంలో ఉందని చెప్పాడట. అది చదివిన రాత్రి ఎందుకో చాలా ఏడ్చాను, అమ్మ ఒక్కతే కాదు అనిపించి. స్పీచ్ థెరపిస్టు గారు అమ్మ ఎడమ చేతిని బల్ల మీద నెమ్మదిగా తాటిస్తూ నా చిన్నప్పటి జోలపాట పాడించారు. పాడింది! మాటలతో సహా. నేను గంతులేస్తుంటే ఆవిడే ఆపారు, పాట వచ్చినంత సులువుగా మాట రాదు, ఆశపడండి గానీ లెక్కలు వేసుకోవద్దు అన్నారు. అవుననీ కాదనీ జవాబు చెప్పగలిగేలా అడగండి, అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, ఆవిడ మాటని మీరు పూర్తి చేసెయ్యకండి అన్నారు. పది లెక్కపెట్టడం ఎంత కష్టమో పెట్టి చూస్తే తెలుస్తుంది.

చూసుకునేవాళ్లకి నేర్పిస్తే ఫలితం ఉంటుందా అన్నదాని మీద కూడా పరిశోధనలున్నాయి. 2004లో 300 మంది పేషెంట్ల మీద చేసినదాంట్లో ఇంట్లోవాళ్ల భారం, దిగులు తగ్గాయి. 2013లో అంతకన్నా పెద్దది, 928 మంది మీద, తేడా ఏమీ కనిపించలేదు. నా మట్టుకు నాకు రెండోదే ఆశ్చర్యం కలిగించలేదు, ఎందుకంటే ఆస్పత్రిలో చెప్పినవి నా బుర్రకి ఒక్కటీ ఎక్కలేదు. ఇంటికొచ్చిన మూడో రాత్రి అమ్మని బాత్రూమ్ నుంచి తీసుకొస్తూ ఇద్దరం గోడకి ఆనుకుని కూలబడిపోయినప్పుడు తెలిసింది నాకేం తెలీదో. ఆ రాత్రి ఒంటిగంటకి ఇక్కడ రాస్తే జవాబిచ్చిన మీరు, నన్ను ఏ ప్రశ్నా వెయ్యకుండా ముందు "నువ్వు తిన్నావా?" అన్న మీరు, స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది, అమ్మ అలిగిందనుకోకు, డాక్టర్ని అడుగు అని హెచ్చరించిన అక్కా, మీరు లేకపోతే నేను ఎప్పుడో చేతులెత్తేసేదాన్ని.

ఇప్పుడు ఆ కాగితం. చేతి కదలిక కోసం ఒక కొత్త వ్యాయామం పనిచేస్తుందో లేదో చూస్తున్నారట, చేరతారా అని అడిగారు. కొందరికి కొత్తది, కొందరికి ఎప్పుడూ చేయించేదే, ఎవరికేది అన్నది చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. నేను వద్దనబోయాను, అమ్మకి అలసట ఎక్కువ, మళ్లీ తిప్పలెందుకని. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పది లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర "పెడతా" అంది. ఎడమ చేత్తో సంతకం పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది, అక్షరాలు గీత దాటి కిందకి జారాయి. ఇవాళ పొద్దున ఫోన్ వచ్చింది, అమ్మకి వచ్చింది పాత వ్యాయామమేనట. చెబితే ఒక్క క్షణం చూసి, మూతి ఇంకా కాస్త ఒక పక్కకే లాగుతూ, "అదే" అని నవ్వింది.