తలవంచని విధానానికి ఖర్చు ఎవరిది?

సంపాదక మహాశయులకు,

రష్యా చమురు కొంటున్నామని శిక్షగా అమెరికా మన సరుకుల మీద అదనపు సుంకం వేసిన దగ్గర నుంచి, సుంకాలు, చమురు, దేశ భద్రత చుట్టూ మీ పత్రికలో సాగుతున్న చర్చను చిత్తూరు జిల్లాలో ఆరెకరాల తోతాపురి (గుజ్జుకు వాడే మామిడి రకం) తోట ఉన్న రిటైర్డ్ అర్థశాస్త్ర అధ్యాపకుడిగా శ్రద్ధగా చదువుతున్నాను. చౌక చమురు కోసం అమెరికా అంత పెద్ద మార్కెట్టును పోగొట్టుకోవడం తెలివైన పని కాదని ఒక వర్గం వారు అంటున్నారు. ఎవరి దగ్గర ఏం కొనాలో వాషింగ్టన్ చెబితే వినే స్థితి వచ్చాక మన స్వాతంత్ర్యానికి అర్థమేముందని మరో వర్గం వారు అడుగుతున్నారు. నేను రెండో వర్గం వైపే మొగ్గుతాను. అయితే తలవంచకపోవడానికి ఖర్చవుతుందనీ, ఆ ఖర్చును ఎవరో ఒకరు భరిస్తున్నారనీ ఈ రెండు వర్గాల వారూ రాయడం లేదు. ఆ భరించేది ఎవరన్న విషయం తేలకుండా ఈ చర్చ ముగియకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

ఇలాంటి ఖర్చు సంగతి శ్రీహరికోటకు బాగా తెలుసు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా అది నెల్లూరు వారిది, ఇప్పుడు తిరుపతి జిల్లాది. అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్లతో పాటు వాటి పరిజ్ఞానాన్ని కూడా పొందడానికి 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఇస్రో ఒప్పందం చేసుకుంది. అది క్షిపణి పరిజ్ఞానంపై ఉన్న కట్టుబాట్లకు విరుద్ధమంటూ 1992 మే నెలలో అమెరికా ఆ రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. సోవియట్ యూనియన్ కూలిపోయి డాలర్లకు మొహం వాచి ఉన్న రష్యా 1993లో మాట మార్చి, తయారైన ఇంజిన్లు ఇస్తాను గానీ తయారీ గుట్టు చెప్పనంది. ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల చలిలో నిల్వ ఉంచి మండించే ఆ ఇంజిన్‌ను మనవాళ్లు సొంతంగా సాధించడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 2010 ఏప్రిల్‌లో దేశీయ ఇంజిన్‌తో చేసిన తొలి ప్రయోగం విఫలమైంది. 2014 జనవరి 5న దేశీయ ఇంజిన్‌తోనే వెళ్లిన జీఎస్‌ఎల్‌వీ డీ5 రాకెట్ సఫలమైంది. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన రాకెట్ పై దశలో ఉన్నదీ దేశీయ క్రయోజెనిక్ ఇంజినే.

ఈ కథను మనం ఆత్మగౌరవ కథగా చెప్పుకుంటాం, అందులో తప్పు లేదు. పాఠం చెప్పిన అలవాటు కొద్దీ నేను మాత్రం పద్దుల వైపు చూస్తాను. ఆ ఇరవై ఏళ్ల ఖర్చూ కేంద్ర బడ్జెట్‌లో అంతరిక్ష శాఖ పద్దు కింద పడింది. 2010లో రాకెట్ బంగాళాఖాతంలో కూలిన నెలలో ఇంజనీర్లకు జీతాలు ఆగలేదు, ఆగకూడదు కూడా. దేశం తీసుకున్న నిర్ణయానికి దేశమే డబ్బు కట్టింది.

అక్కడి నుంచి పడమటికి, మా మామిడి తోటల్లోకి వస్తే లెక్క తిరగబడుతుంది. దేశంలో మామిడి గుజ్జు పరిశ్రమ ప్రధానంగా రెండు చోట్ల ఉంది. ఒకటి మన చిత్తూరు, రెండోది తమిళనాడులోని కృష్ణగిరి. ఈ గుజ్జు డ్రముల్లోకి ఎక్కి సౌదీ అరేబియాకూ, యెమెన్‌కూ, నెదర్లాండ్స్‌కూ వెళుతుంది. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలైనప్పుడు యూరప్‌కు వెళ్లాల్సిన ఓడలు సూయజ్ కాలువను వదిలేసి ఆఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టివెళ్లాయి. ప్రయాణం పది పదిహేను రోజులు పెరిగింది, కిరాయిలూ పెరిగాయి. ఆ సమయంలో ఓడల రక్షణకు అరేబియా సముద్రంలో మన నౌకాదళం చేసిన పని మెచ్చుకోదగినది, దాని ఖర్చు రక్షణ బడ్జెట్ చూసుకుంది. పెరిగిన ఓడ కిరాయి మాత్రం ఎగుమతిదారు నుంచి ఫ్యాక్టరీ మీదికీ, ఫ్యాక్టరీ నుంచి ర్యాంపు (రైతుల దగ్గర కాయలు కొనే కేంద్రం) మీదికీ, ర్యాంపు నుంచి రైతు మీదికీ దిగివచ్చింది. సముద్రంలో భద్రత దేశం బాధ్యతైనప్పుడు, అదే సముద్రంలో కలిగిన నష్టం పూతలపట్టు, బంగారుపాళెం రైతుల సొంత వ్యవహారం ఎలా అయిందో నాకు బోధపడదు.

2025 సీజన్ గురించి నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ ఏడాది ధర పడిపోయింది జూన్, జులై నెలల్లో. అమెరికా 50 శాతం సుంకం అమల్లోకి వచ్చింది ఆగస్టు 27న. కాబట్టి ఆ నష్టాన్ని ట్రంప్ గారి మీదికి నెట్టడం కుదరదు. అంతకుముందు ఏడాది గుజ్జు అమ్ముడుపోక ఫ్యాక్టరీల్లో నిల్వ ఉండిపోవడం, కాపు బాగా రావడం అసలు కారణాలు. కిలోకు ఫ్యాక్టరీ రూ.8, ప్రభుత్వం రూ.4 కలిపి రూ.12 వచ్చేలా చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటన మంచిదే. మా ట్రాక్టరు మాత్రం ఒక ఫ్యాక్టరీ గేటు బయట టోకెన్ కోసం రెండు రాత్రులు నిలబడింది. మూడో రోజుకు అడుగున ఉన్న కాయలు మెత్తబడ్డాయని తూకంలో తీసేశారు. కోత కూలీ, బండి బాడుగ ఇచ్చాక చేతికి మిగిలిందేమిటో రాస్తే మా ఆవిడ ఊరుకోదు.

ఆ నెలల్లోనే మన జిల్లా యంత్రాంగం పొరుగు రాష్ట్రాల తోతాపురి రాకుండా నిషేధం పెట్టింది. దాన్ని ఎత్తివేయాలని కోరుతూ కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతు కాయలు చిత్తూరు ఫ్యాక్టరీకి రావడం తరాల నాటి వ్యవహారం. ఆ నిషేధాన్ని మా ఊళ్లో చాలామంది స్వాగతించారు, నేనూ వద్దనలేదు. రెండు నెలలు తిరక్కుండానే అమెరికా తన సరిహద్దులో చేసిన పనిని అన్యాయమని తిట్టిపోశాం. నలిగి ఉన్న రైతుకు ఎదుటి రైతు శత్రువుగా కనిపిస్తాడు, అమెరికాలోని ఒహాయోలోనైనా, కోలారులోనైనా, చిత్తూరులోనైనా. వాణిజ్య యుద్ధాలకు ఓట్లు పుట్టేది అక్కడేనని ఢిల్లీ నుంచి రాసే విశ్లేషకులు గమనించాలి.

ఇక చమురు సంగతి. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపే. ఆ తర్వాత మూడో వంతు దాటింది. తగ్గింపు ధరకు దొరికిన ఆ చమురు రిఫైనరీలకు లాభం తెచ్చింది, దేశ దిగుమతుల బిల్లును తగ్గించింది. మన రాష్ట్రంలో మాత్రం పెట్రోలు లీటరు వంద రూపాయలకు పైనే నడిచింది. సరిహద్దు మండలాల వాళ్లు ట్యాంకు నింపుకోవడానికి కర్ణాటక బంకులకు పోవడం ఎవరికీ కొత్త కాదు. లాభం ఒక చోట కూడి, నష్టం మరో చోట పడింది. అమెరికా మార్కెట్టును నమ్ముకున్న మన కోస్తా రొయ్యల రైతుకు ఆ చమురులో పైసా వాటా లేదు, కానీ దానికి శిక్షగా వేసిన అదనపు 25 శాతం సుంకం అతని చెరువు గట్టు దాకా వచ్చింది. సుంకాల అంకెలు ఆ తర్వాత ఎటు పోయినా నా వాదన మారదు, ఎందుకంటే రేపు మరో దేశం మరో కారణంతో ఇదే పని చేయగలదు. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల ఎగుమతులపై నియంత్రణలు పెట్టినప్పుడు మోటారు వాహన కంపెనీలు ఎంత కంగారు పడ్డాయో చూశాం కదా.

కేంద్రం ఏమీ చేయలేదని నేను అనడం లేదు. 2025 నవంబరులో రూ.25,060 కోట్లతో ఎగుమతుల ప్రోత్సాహక మిషన్‌ను మంత్రివర్గం ఆమోదించింది. పండ్ల గుజ్జు కలిసిన, గ్యాస్ లేని పానీయాలపై జీఎస్‌టీని అదే ఏడాది సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి దించారు. మొదటిది ఎగుమతిదారుకు అప్పు, హామీ, మార్కెట్టు దొరికేలా చూస్తుంది. రెండోది సీసా కొనేవాడికి మేలు. రైతు ఎగుమతిదారు కాడు, అతని పేరు ఎగుమతికి రాసే ఏ షిప్పింగ్ బిల్లులోనూ ఉండదు. పై వాళ్లకు దక్కిన ఉపశమనం ర్యాంపు ధరలో కనిపించాలన్న షరతు ఈ రెండింటిలో దేనికీ ఉన్నట్టు నేను చూడలేదు.

అందుకే నా అభ్యర్థన ఇది. విదేశాంగ నిర్ణయం వల్ల గానీ, దానికి ఇతర దేశాల ప్రతిచర్య వల్ల గానీ దెబ్బతినే పంటలేవో, జిల్లాలేవో కేంద్రం పార్లమెంటుకు ఏటా లెక్క సమర్పించాలి. ఆ నష్టాన్ని రక్షణ వ్యయం లాగే జాతీయ వ్యయంగా బడ్జెట్‌లో చూపాలి. ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకాన్ని 2025లో లాగా జులైలో, సీజన్ సగం గడిచాక ఆమోదించడం కాకుండా, పిందె కట్టే నాటికే ప్రకటించి, కేంద్ర, రాష్ట్రాల వాటాలను అప్పుడే తేల్చాలి. రైల్వే, సైనిక క్యాంటీన్లు మిగిలిన గుజ్జును కొనడానికి ముందుగానే ఒప్పందం చేసుకోవచ్చు. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు అడ్డువస్తాయని కొందరు అధికారులు అంటారు. సొంత అవసరాలకు సొంత పంటను ప్రభుత్వం కొనుక్కోవడానికి అడ్డుపడే నిబంధన ఏదో వారు చూపించాలి. చిత్తూరు, తిరుపతి పార్లమెంటు సభ్యులు పార్టీలు వేరైనా ఈ ఒక్క ప్రశ్నను సభలో కలిసి అడగగలరని ఆశిస్తున్నాను.

మీ పత్రికకూ ఒక మనవి. సుంకాల మీద వచ్చే ఢిల్లీ వార్త పక్కనే, మన జిల్లా ఫ్యాక్టరీల్లో ఆ నెల మిగిలి ఉన్న గుజ్జు ఎన్ని టన్నులో అధికారుల దగ్గర కనుక్కుని ఒక చిన్న పెట్టెలో వేయండి. ఆ అంకె మాకు జూన్‌లో గేటు దగ్గర కాకుండా ఫిబ్రవరిలోనే తెలిస్తే, తోటను గుత్తకు ఇవ్వాలో, కాయను మేమే దింపుకోవాలో నిర్ణయించుకుంటాం.

భవదీయుడు,
రిటైర్డ్ అర్థశాస్త్ర అధ్యాపకుడు, మామిడి రైతు,
చిత్తూరు జిల్లా