టైరు పంచరైంది, పెంచలకోనకి రావడం మాత్రం ఖాయం

అందరికీ నమస్తే. ఒకటే ఫోన్లు, ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ పెడుతున్నా. పొదలకూరు దాటాక రాపూరు దారిలో మా కారు వెనక టైరు పంచరైంది. ఎవరికీ ఏం కాలేదు. పిల్లలు నిమ్మతోట గట్టున కూర్చొని పులిహోర డబ్బా అప్పుడే విప్పేశారు.

జాకీ పెడితే ఇసక నేలలోకి దిగబడింది. తోట కాపలా పెద్దాయన చెక్క ముక్క తెచ్చి కింద వేస్తే నిలబడింది. బండి లేపకముందే నట్లు వదులు చెయ్యమని కూడా ఆయనే చెప్పాడు, గాల్లో ఉన్న చక్రం స్పానర్‌తో పాటే తిరుగుద్ది గదా. ఒక నట్టు తుప్పు పట్టి కదల్లా. మామ స్పానర్ మీద ఎక్కి నిలబడితే గానీ ఊడలేదు. (ఆ వీడియో అత్తకి పంపొద్దు.)

మీలో ఎవరో 1033కి ఫోన్ చెయ్యమని రాశారు, అది జాతీయ రహదారుల మీద సాయానికి పెట్టిన హెల్ప్‌లైన్ నంబరు. నెల్లూరు బైపాస్ మీదైతే పనికొచ్చేది, ఇక్కడ కాదు.

స్టెప్నీలో గాలి రొంత తక్కువుంది. రాపూరు దాకా నిదానంగా వచ్చి గాలి కొట్టించి, పాత టైరుకి పంచరు వేయిస్తాం. స్టెప్నీ లేకుండా కోన దారి పట్టడం నాకిష్టం లేదు.

వ్యానులో వస్తున్నోళ్లు మాకోసం ఆగొద్దు. గోనుపల్లి మీదుగా నేరుగా పెంచలకోన పోండి, స్వామి దర్శనం చేసుకోండి. జలపాతం కాడికి మాత్రం మేమొచ్చాకే పోదాం. అక్కా, మాకు అన్నం తీసిపెట్టు. చిన్నాన్నా, రాపూరులో తెలిసిన పంచరు షాపుంటే ఇప్పుడే చెప్పు.